పంచాయతీ రేడియో నుండి మనవడి రిమోట్ కారు దాకా

ప్రత్యేక సంచికకు వ్యాసం పంపమని సంఘ కార్యదర్శిగారు కోరినప్పుడు, చరిత్ర అంటే రాజులూ ఉద్యమాలూ పే కమిషన్లే కానక్కరలేదు గదా అనిపించింది. నా ఉద్యోగ జీవితమంతా టెలిఫోన్ శాఖలో, అందులోనూ ఎక్కువ కాలం ఎక్స్ఛేంజీ బ్యాటరీ గదిలో గడిచింది. అందుచేత నాకు తెలిసిన చరిత్ర బ్యాటరీ చరిత్ర. ఈమధ్య మా ఇంట్లో మనవడి రిమోట్ కారు పుణ్యమా అని ఆ పాత విద్యకు మళ్ళీ పని పడింది. సభ్యులలో చాలామంది ఇళ్ళల్లో ఇటువంటి కార్లు ఇప్పటికే ఉన్నాయి, లేనివారికి రేపో మాపో వస్తాయి. కనుక ఆ కథా, దానితోపాటు తీసుకోవలసిన జాగ్రత్తలూ నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మాది కొల్లేటి లంక గ్రామం. నా చిన్నతనంలో ఊళ్ళో కరెంటు లేదు. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. ఆ తరువాత కొన్నేళ్ళకు మా పంచాయతీకి ఒక రేడియో వచ్చింది. లోపల వాల్వులు, పక్కన ఇటుకంత బ్యాటరీ ప్యాకు. సాయంత్రం వార్తలూ, వ్యవసాయ కార్యక్రమమూ అవగానే కట్టేసేవారు. పాటలు పెట్టమని పిల్లలం ఎంత బతిమాలినా, "బ్యాటరీ అయిపోతుందిరా" అన్నదే సమాధానం. కొందరు మోతుబరుల ఇళ్ళల్లో మోటారు బ్యాటరీతో నడిచే సెట్లుండేవి. ఆ బ్యాటరీని దోనెలో ఒడ్డుకు చేర్చి, అక్కడి నుండి బండి మీద పట్నం పంపి ఛార్జింగు చేయించేవారు. అది తిరిగి వచ్చేదాకా ఇంట్లో రేడియో మూగనోము పట్టేది. 1960ల తరువాత ట్రాన్సిస్టరు వచ్చి, టార్చిలైటు సెల్సుతోనే నెలల తరబడి పాడటం మొదలుపెట్టింది. ఆ సెల్సు మన నెల్లూరు జిల్లాలోనే తయారయ్యే రోజు కూడా వచ్చింది. జపానువారి మత్సుషిత సహకారంతో 1972లో ఏర్పడిన కంపెనీ చేసిన నిప్పో సెల్సు తెలియని తెలుగు ఇల్లు లేదు.

ఇక రేడియో తరంగంతో వస్తువును దూరం నుండి నడపడం అనే ఆలోచన ఈనాటిది కాదు. 1895లో కలకత్తా టౌన్ హాలులో మన జగదీశ్ చంద్ర బోసు తీగ లేకుండా గోడల అవతల గంట మోగించి, తుపాకిమందు పేల్చి చూపించారు. 1898లో న్యూయార్కులో నికొలా టెస్లా ఒక చిన్న పడవను నీటి తొట్టిలో వదిలి, తాకకుండానే అటూ ఇటూ తిప్పారు. ఆ పడవ నడిచింది బ్యాటరీతోనే. ఆ తరువాత చాలాకాలం ఈ విద్య యుద్ధ శాఖల చేతుల్లోనూ, కొద్దిమంది ఔత్సాహికుల చేతుల్లోనూ ఉండిపోయింది. పరికరాలు బరువైనవి కావడం అందుకొక కారణం.

1947లో కనిపెట్టిన ట్రాన్సిస్టరు ఆ బరువు దించింది. 1966లో ఇటలీలో ఎల్గీ అనే కంపెనీ రేడియోతో నడిచే ఫెరారీ బొమ్మకారును అమ్మకానికి పెట్టింది. 1976లో జపానులోని తమియా కంపెనీ పోర్షే 934 నమూనాను విద్యుత్ మోటారుతో, విడిభాగాలుగా, ఎవరికి వారు బిగించుకునేలా తెచ్చింది. అక్కడి నుండి ఇది దేశదేశాల్లో పెద్దల వ్యాపకంగా కూడా మారింది. మా బంధువుల ఇళ్ళల్లో నేను మొదట చూసిన కార్లు గల్ఫు నుండి సెలవుకు వచ్చినవారి పెట్టెల్లో వచ్చినవే.

పాత కార్లు ఎక్కువగా 27 మెగాహెర్ట్జ్ మీద నడిచేవి. పక్కింటి కుర్రవాడి దగ్గర కూడా అదే ఛానలు ఉంటే, అతను మీట నొక్కితే మన కారు పరుగెత్తేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తాయి. రిమోటూ, కారూ మొదటే ఒకదానికొకటి గుర్తు చెప్పుకుంటాయి కనుక ఎన్ని కార్లున్నా తగాదా లేదు. ఆ తరంగాలను తక్కువ శక్తితో వాడుకోవడానికి లైసెన్సు అక్కరలేదని మన ప్రభుత్వం 2005లో నిబంధన చేసింది. రేడియో వినడానికే పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన మన తరానికి ఇది చిన్న మార్పు కాదు.

కొనదలచినవారికి ఒక మాట. ఈ కార్లు రెండు రకాలు. మొదటి రకం కేవలం ఆటబొమ్మ, చెడితే పారవేయడమే. రెండవది విడిభాగాలు దొరికేది. దానికి మోటారు, మోటారు వేగాన్ని అదుపు చేసే పెట్టె, చక్రాలు తిప్పే సర్వో, రిసీవరు, అన్నీ విడివిడిగా ఉంటాయి. ఏది పోయినా అదొక్కటి మార్చుకోవచ్చు. ధర వేలల్లో ఉంటుంది గాని, స్క్రూడ్రైవరు పట్టిన చేతులకు అదే సరైనది. అయితే వాటిలో గంటకు 40 కిలోమీటర్లు దాటేవీ ఉన్నాయి. మనుషులు తిరిగే వీధిలో నడపరాదు.

నడపడానికి చదునైన ఖాళీ నేల కావాలి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేసిన విమానాల రన్‌వే మన తరంవారికి గుర్తుండే ఉంటుంది. నేను ఆ పట్టణంలో పనిచేసిన రోజుల్లో స్కూటరు నేర్చుకునేవారికి అదే బడి. 2015లో నిట్ వచ్చాక ఆ పట్టణం రూపే మారింది. మన కారుకు అంత నేల అక్కరలేదు, అనుమతి తీసుకుని ఏ పాఠశాల మైదానంలోనైనా ఆదివారం పూట నడుపుకోవచ్చు. చేపల చెరువు గట్లు మాత్రం వద్దు. ఒక్క మలుపు తప్పితే కారు నీళ్ళలోనే. ఆటపాక పక్షుల కేంద్రం పరిసరాల్లో అసలే వద్దు. 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది. గూళ్ళు కట్టుకున్న పెలికాన్ల పక్కన మన సరదా సాగించడం ధర్మం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బ్యాటరీ రకం మారినప్పుడల్లా దానిని చూసుకునే పద్ధతి కూడా మారింది. అన్నిటికీ ఒకే అలవాటు పనికిరాదు.

ఎక్స్ఛేంజీలో మావి సీసం, ఆమ్లం బ్యాటరీలు. రెండు వోల్టుల సెల్సు 24 వరుసగా కలిపితే 48 వోల్టులు. రోజూ పైలట్ సెల్లులో హైడ్రోమీటరు పెట్టి సాంద్రత చూసి రిజిస్టరులో రాసేవాళ్ళం. నీరు తగ్గితే స్వేదనజలమే పోయాలి, కుళాయినీరు పోయరాదు. మా చొక్కాలకు ఆమ్లం చిల్లులే గుర్తింపు కార్డులు! ఆ బ్యాటరీకి సూత్రం ఒక్కటే, ఎప్పుడూ నిండుగా ఉంచాలి. ఖాళీగా వదిలేస్తే పలకలు పాడైపోతాయి. మన ఇన్వర్టరు బ్యాటరీకి నేటికీ అదే సూత్రం.

రెండవది నికెల్-కాడ్మియం. స్వీడన్ శాస్త్రవేత్త యుంగ్నర్ 1899లో కనిపెట్టారు. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు, ఆరు కలిపితే 7.2 వోల్టులు. చాలాకాలం రిమోట్ కార్లకు ఇదే ప్రాణం. సగం వాడి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేస్తే పూర్తి బలం ఇవ్వదని, వాడి దించాకనే ఛార్జి చేయాలని దీనికి నియమం ఉండేది. అంటే సీసం బ్యాటరీ అలవాటుకు సరిగ్గా తలక్రిందులు. 1990 ప్రాంతంలో నికెల్-మెటల్ హైడ్రైడ్ వచ్చి ఆ ఇబ్బంది చాలావరకు తగ్గించింది. అయితే ఊరికే ఉంచినా దాని ఛార్జి మెల్లగా కారిపోతుంది. నెలల తరబడి మూలన పడేయకుండా అప్పుడప్పుడు ఛార్జి చేస్తూ ఉండాలి.

మూడవది నేటి లిథియం. సోనీ కంపెనీ 1991లో దానిని మొదటిసారి అమ్మకానికి తెచ్చింది. దానికి బాటవేసిన గుడ్‌ఇనఫ్, విటింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో నోబెల్ బహుమతి లభించింది. రిమోట్ కార్లలో వాడే లైపో ఈ జాతిదే. ఒక్కో సెల్లు 3.7 వోల్టులు, నిండితే 4.2 వోల్టులు. 3 వోల్టుల కంటే కిందికి పోతే చెడుతుంది కనుక 3.4 దగ్గరే ఆట ఆపడం మంచిది. వాడకుండా దాచేటప్పుడు నిండుగానూ వద్దు, ఖాళీగానూ వద్దు, సెల్లుకు 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. ఒకటి నిండుగా ఉంచమంది, ఇంకొకటి దించమంది, ఇది మధ్యలో ఉంచమంటోంది. సెల్‌ఫోనుల్లో కాపలా కాసే సర్క్యూటు ఉంటుంది. కారు లైపోలో చాలావాటికి అది ఉండదు. ఆ కాపలా మనమే.

"తాతయ్యా, రాత్రి ఛార్జింగు పెట్టి పడుకుంటే పొద్దున్నకు రెడీగా ఉంటుంది గదా" అన్నాడు మా వాడు. ఎందుకు కూడదో చెప్పి, ఎక్స్ఛేంజీలో వలెనే గోడకు ఒక నియమాల కాగితం అంటించాను. అది ఇది:

1. సెల్సును విడివిడిగా సరిచూసే బ్యాలెన్సు ఛార్జరే వాడాలి. నికెల్ బ్యాటరీ ఛార్జరు లిథియానికి పెట్టరాదు.

2. బ్యాటరీ మీద 5000 మిల్లీ ఆంపియర్ అవర్ అని ఉంటే 5 ఆంపియర్లకు మించి ఛార్జి చేయరాదు.

3. ఛార్జింగు సిమెంటు గచ్చు మీదనే, పెద్దవారి కళ్ళెదుటనే. పరుపు మీదా, కర్టెన్ల దగ్గరా, నిద్రపోయేటప్పుడూ వద్దు. పక్కన ఇనుప బక్కెట్టులో పొడి ఇసుక ఉండాలి.

4. ఆడి తెచ్చిన వేడి బ్యాటరీని చల్లారేదాకా ఛార్జరుకు తగిలించరాదు. మే నెలలో ఏలూరు ఎండకు ఆగి ఉన్న మోటారుకారులో వదలరాదు.

5. ఉబ్బిన బ్యాటరీని వెంటనే మానేయాలి. పొడవరాదు, నొక్కరాదు, విప్పరాదు.

6. తేదీ, ఎన్నో ఛార్జింగు, ఆట తరువాత ఎన్ని వోల్టులు, ఇవన్నీ పుస్తకంలో రాయాలి.

ఆరవ నియమం మా వాడికి మొదట విసుగనిపించింది. ఇప్పుడు వాడే రాస్తున్నాడు. ఒక సెల్లు మిగతావాటి కంటే వెనకబడుతోందని పుస్తకం చూసి వాడే పసిగట్టి నాకు చెప్పాడు. పైలట్ సెల్ రిజిస్టరు నేర్పిన విద్య ఇంతకాలానికి నా తరువాతి చేతికి అందిందన్న తృప్తి నాకు కలిగింది.

చివరగా పాడైన బ్యాటరీల సంగతి. 2020 డిసెంబరులో మన ఏలూరులో 600 మందికి పైగా ఫిట్స్‌తో, స్పృహ తప్పి ఆసుపత్రుల పాలైన రోజులు ఎవరూ మరువలేదు. ఎయిమ్స్ పరీక్షల్లో రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. తరువాత నిపుణులు పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చునన్నారు. ఆ ఘటనకు బ్యాటరీలు కారణమని నేను అనడం లేదు. కాని నేలలో పడేసిన విషం ఎక్కడికీ పోదు. తమ్మిలేరు, బుడమేరుల నీరు చివరికి చేరేది కొల్లేటికే. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను తిరిగి సేకరించే బాధ్యత తయారీదారులది, ఇతర చెత్తతో కలపకుండా వేరుగా ఇచ్చే బాధ్యత వాడుకరులది. రెండు కొనలకూ టేపు అంటించి, ఇసుక పోసిన డబ్బాలో ఉంచి, ఇ-వ్యర్థాలు తీసుకునేవారికి అప్పగించండి.

మన సంఘ కార్యాలయంలో అటువంటి డబ్బా ఒకటి పెట్టాలని కార్యవర్గానికి నా విన్నపం. నెలకొకసారి పెన్షన్ పనుల మీద వచ్చేటప్పుడు సభ్యులు ఇంట్లోని పాత సెల్సు, ఉబ్బిన ఫోను బ్యాటరీలు తెచ్చి అందులో వేయవచ్చు. వాటిని జాగ్రత్తగా వేరుచేసి పంపే పనికి నా పేరు రాసుకోవలసిందిగా కోరుతున్నాను.