మా రెండు మడులు: అనపలా, కోసులా?

పోయిన ఏడాది కారు పెట్టుకోవడానికని పెరడు ముప్పాతిక భాగం సిమెంటు చేయించాం. మిగిలింది రెండు మడులు, ఒక్కొక్కటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు. అవ్వ ఉన్నప్పుడు ఆయుధపూజ అయిన మర్నాడే చేతికొచ్చిన విత్తనమల్లా చల్లేసేది. జాగా ఉండేది కాబట్టి ఎవరూ లెక్క అడగలేదు. ఇప్పుడు ఎంచుకోవాలి. పిల్లలకు క్యారెట్ కావాలి, నాన్నకు నవిలుకోసు, అమ్మకు అనపలు.

ఈ పంచాయితీ మా ఒక్క ఇంటిది కాదు, బెంగుళూరు ఊరిదే. 1809లో ఇంగ్లీషు దండు శ్రీరంగపట్నం నుంచి ఇక్కడికి మారింది. సుమారు 900 మీటర్ల ఎత్తు, చల్లటి రాత్రులు. వాళ్ళ కోసులు, క్యారెట్లు ఈ నేలకు బాగా అలవాటుపడ్డాయి. 1760లో హైదరాలీ మొదలుపెట్టించిన లాల్‌బాగ్ పోనుపోను కొత్త మొక్కల్ని పెంచిచూసే చోటయింది. 1874 నుంచి 1908 దాకా దాన్ని చూసుకున్న జాన్ కామెరాన్ పేరు చెప్పి ఇక్కడివాళ్ళు తలుచుకునే కూరగాయ ఒకటుంది. దాని పుట్టిల్లు మెక్సికో వైపు. బడిలో మేం నేర్చిన కన్నడంలో అది 'సీమెబదనెకాయి', అంటే పరదేశపు వంకాయ. అనంతపురంలోని మా చుట్టాలకు మాత్రం అది 'బెంగుళూరు వంకాయ'. ఊళ్ళో పరాయిది, ఊరు దాటితే బెంగుళూరుది! మమ్మల్నీ ఇక్కడ తెలుగోళ్ళనీ, అక్కడ బెంగుళూరోళ్ళనీ అంటారులెండి. ఆ తీగకు పెద్ద పందిరి కావాలి, మా మడికి పనికిరాదు.

కోసుల లెక్క తొందరగానే తేలింది. కాబేజీకి అడుగున్నర ఎడం ఇస్తే మడికి 8 మొక్కలు. నవిలుకోసు అయితే 30 దాకా పడతాయి, నారు నాటిన రెండు నెలలకే గడ్డ చేతికొస్తుంది. క్యారెట్‌కు లోతైన మెత్తటి మన్ను ఉండాలి, సిమెంటు పని మిగిల్చిన కంకరలో అది రెండుగా చీలుతుంది. ఒక మడి నాన్నకే పోయింది.

రెండోదాని మీద చాలా రోజులు మాట్లాడుకున్నాం. అనపలను (కన్నడంలో అవరె) అందరూ నాటివి అంటారు. దక్కను నవీన శిలాయుగపు ఊళ్ళ తవ్వకాల్లో ఆ గింజలు దొరికాయి గానీ, అడవి అనప పుట్టింది ఆఫ్రికాలోనట. మన తాతలు రాగి చేలో అక్కడక్కడా సాళ్ళుగా వానాకాలం మొదట్లోనే విత్తేవాళ్ళు. నాటు రకం పగలు కురచయితే గానీ పూయదు. అప్పటిదాకా తీగ సాగుతూనే ఉంటుంది. అదే దసరా తర్వాత విత్తితే ఎక్కువ సాగకముందే పూతకొస్తుంది. కాపు తక్కువే, చిన్న మడికి అదే మేలు. హెబ్బాళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు పగటి పొడుగుతో పనిలేని పొట్టి రకాలు ఎప్పుడో తెచ్చారు, అవి ఏ నెలలోనైనా కాస్తాయి. అవి కొనేస్తే సరిపోదా అంటే, డబ్బాలో అవ్వ బూడిద కలిపి దాచిన విత్తనం పిడికెడు ఉంది. పాతబడేకొద్దీ మొలక తగ్గుతుంది. పోయినసారే సగం మొలవలేదు.

పైగా, పోయినసారి గోడ పక్క పాదు ఆకులేసుకుని కూర్చుంది, ఇంటి వెనక పాదు పూసింది. ఒకే విత్తనం, ఒకే ఎరువు, ఒకే నీళ్ళు. తేడా వీధి దీపం ఒక్కటే. రాత్రంతా వెలుగు పడితే పగలు కురచయిందని మొక్కకు తెలిసేదెలా? ఉద్యోగంలో రోజూ తప్పులు వెతికే మాకు ఈ తప్పు పట్టడానికి ఒక కాపు పట్టింది.

అందుకని కోసులు దీపం కిందికి, అనపలు వెనక మడికి. పితికిన పప్పుకు ఈసారి కూడా కాయలు గాంధీబజారులోనే కొంటాం. మడిలో కాసిందంతా విత్తనానికే. అమ్మ అప్పుడే బూడిద జల్లించి పెట్టింది.