వజ్రములో ఫోటాను పోగొట్టుకొను శక్తి

నూజివీడు దాపున ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతం హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాకు పోయి సి. వి. రామన్ వద్ద పరిశోధకులైరి. రామన్ ఫలితము బయటపడినది ఆ యేడే. 1930లో భగవంతం వజ్రమును ఆ పద్ధతితో పరిశీలించిరి. గోలకొండకు పేరు తెచ్చిన రాయియే. కాని ఇచ్చట కావలసినది దాని తళుకు కాదు.

ఆనాటి రామన్ ప్రయోగములలో సాధారణముగ పాదరస దీపమును వాడెడివారు. దాని నీలికాంతి తరంగదైర్ఘ్యము 4358 ఆంగ్‌స్ట్రాములు. వజ్రము ఆ కాంతిని చెదరగొట్టినపుడు 4627 వద్ద ఒక క్రొత్త రేఖ కనిపించును. 4047 ఆంగ్‌స్ట్రాముల ఊదాకాంతి పడినచో క్రొత్త రేఖ 4277 వద్ద వచ్చును. మొదటి తేడా 269, రెండవది 230. వజ్రమొక్కటే గదా, తేడాలు రెండేల?

ఈ చిక్కును విడదీయునది 1900లో ప్లాంకు ప్రవేశపెట్టగా, 1905లో ఐన్‌స్టీన్ కాంతికే అన్వయించిన సూత్రము. దాని ప్రకారము 12400ను ఫోటాను శక్తిచే, అనగా ఎలక్ట్రాన్ వోల్టుల సంఖ్యచే, భాగించినచో తరంగదైర్ఘ్యము ఆంగ్‌స్ట్రాములలో వచ్చును. ప్లాంకు స్థిరాంకమును కాంతివేగముచే గుణించి ప్రమాణములు మార్చగా వచ్చినదే ఆ సంఖ్య. నీలి ఫోటాను శక్తి 2.845, దాని క్రొత్త రేఖకు 2.680. ఊదాకు 3.064, దాని క్రొత్త రేఖకు 2.899. రెండింట నష్టము 0.165 మాత్రమే! ఆ శక్తిని గ్రహించి కంపించునవి వజ్రములోని కార్బను పరమాణువులు.

తరంగదైర్ఘ్యములనే నేరుగ తీసివేయుట విద్యార్థులకు పరిపాటి. ముందు శక్తులను తీసివేసి, పిదప భాగింపవలెను. పాదరసపు ఆకుపచ్చ రేఖ 5461తో ఇట్లే చేసిన, వజ్రపు క్రొత్త రేఖ 5890 దాపున, సోడియము పసుపు రేఖకు పొరుగున పడును.