తడ గేటు

చెన్నై నుంచి ఉత్తరానికి బయల్దేరిన లారీకి జాతీయ రహదారి మీద ఆంధ్రలో మొదట తగిలే మండలం తడ. పక్కనే పులికాట్ సరస్సు. 2017 వరకు ఇక్కడి భీమునివారిపాలెం దగ్గర వాణిజ్య పన్నుల శాఖ చెక్‌పోస్టు ఉండేది. సరుకుతో వచ్చిన బండి ఆగాలి, బిల్లులు చూపాలి. సరుకు ఆంధ్రలో దిగేది కాకపోయినా ఆగక తప్పదు. ఒడిశాకు పోయే లారీ తడలో ట్రాన్సిట్ పాసు తీసుకుని, రాష్ట్రం ఆ కొసన ఇచ్ఛాపురం వైపు గేటులో అప్పగించాలి. అప్పగించకపోతే ఆ సరుకు మధ్యలోనే అమ్ముడైపోయిందని చట్టం భావించి పన్ను వేసేది.

దారికి అడ్డంగా నిలబడి వసూలు చేయడం మనకు కొత్త కాదు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలో మద్రాసు ప్రెసిడెన్సీ అంతటా సాయరు చౌకీలు, అంటే దారి సుంకం వసూలు చేసే గేట్లు, ఉండేవి. ఒక జిల్లా సరుకు పక్క జిల్లాకు పోవాలన్నా సుంకం కట్టాల్సిందే. చాలాచోట్ల ఆ వసూలును ఇజారాకు, అంటే గుత్తకు, ఇచ్చేవారు. ఇజారాదారుకు కావలసింది రాబడి, బండి ఎంతసేపు ఆగిందన్నది అతనికి పట్టదు. మరి కంపెనీ సొంత దేశంలో? బ్రిటన్‌లో ఒక చివర నుంచి మరో చివరకు సరుకు దాదాపు ఏ అడ్డూ లేకుండా పోతుందనీ, ఆ దేశ సంపదకు అదొక ముఖ్య కారణమనీ ఆడం స్మిత్ 1776లోనే రాశాడు. తమ దేశాన్ని సంపన్నం చేసిన స్వేచ్ఛను మన బండ్లకు ఇవ్వడానికి పాలకులకు దశాబ్దాలు పట్టింది. ఇది క్షమించదగ్గ ఆలస్యం కాదు. బెంగాల్‌లో ఈ సుంకాలు 1836లో పోయాయి, మద్రాసులో 1844లో.

రెండో అంకం మద్రాసు శాసనసభలో మొదలైంది. మద్యనిషేధంతో ఖజానాకు పడిన గండి పూడ్చడానికి 1939లో రాజాజీ ప్రభుత్వం సాధారణ అమ్మకం పన్ను తెచ్చింది. దేశంలో ఇలాంటి పన్నుకు అదే తొలి అడుగు. సరుకు చేతులు మారిన ప్రతిసారీ పన్ను పడేది. స్పెయిన్‌లో అల్కవాలా పేరుతో ఇలాంటి పన్నే అక్కడి తయారీని దెబ్బతీసిందని స్మిత్ విమర్శించాడు. ఇరవై ఏళ్ల తర్వాత, 1959లో, అదే రాజాజీ పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్యం మీద పోరాటానికి స్వతంత్ర పార్టీని నిలబెట్టారు. దానికి తొలి అధ్యక్షుడు మన నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా. సహకార వ్యవసాయం మీద కాంగ్రెస్ చేసిన నాగపూర్ తీర్మానాన్ని ఒప్పుకోలేక ఆయన కాంగ్రెస్‌ను వదిలి వచ్చారు. పొలం, సరుకు, సంత రైతు చేతిలోనే ఉండాలన్నది వాళ్ల పట్టు. స్వతంత్ర పార్టీ ఎక్కువ కాలం నిలవలేదు గానీ, అది లేవనెత్తిన ప్రశ్న నిలిచింది.

ఈలోగా 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతదాకా మద్రాసు రాష్ట్రంలో ఒక ఊరైన తడ, సరిహద్దు ఊరైంది. 1957లో ఆంధ్రప్రదేశ్ సొంత అమ్మకం పన్ను చట్టం చేసుకుంది. ఒకే బాటకు అటూ ఇటూ రెండు చట్టాలు, రెండు రేట్లు. దేశమంతటా వ్యాపారం స్వేచ్ఛగా సాగాలని రాజ్యాంగం 301వ అధికరణం చెబుతూనే ఉంది. లారీలు ఆగుతూనే ఉన్నాయి. 2005 ఏప్రిల్‌లో ఆంధ్ర వ్యాట్‌కు మారితే, తమిళనాడు 2007 జనవరి దాకా మారలేదు. ఆ ఇరవై ఒక్క నెలలూ సరిహద్దుకు ఈవల ఒక పద్ధతి, ఆవల ఇంకో పద్ధతి.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. వాణిజ్య పన్నుల గేటు ఎత్తేశారు. మరుసటి ఏడు ఏప్రిల్ నుంచి రాష్ట్రాల మధ్య సరుకుకు ఈ-వే బిల్లు మొదలైంది. దాన్ని బండి కదలకముందే కంప్యూటర్లో తీసుకోవచ్చు. అయితే పెట్రోలు, డీజిలు, మద్యం ఇంకా జీఎస్టీ బయటే ఉన్నాయి. అందుకే తడ దాటే లారీ డ్రైవరు ఇప్పటికీ డీజిలు ఏ వైపు బంకులో కొట్టించాలో లెక్క చూసుకుంటాడు.