వికీపీడియాలో ఎన్నికల అభ్యర్థులు: అమీర్‌పేట, పంజాగుట్ట

ఎన్నికల్లో నిలబడిన మనిషికి అంతర్జాల విజ్ఞాన సర్వస్వంలో విడిగా వ్యాసం ఉండాలా, ఉంటే అందులో ఏం రాయాలి, ఎవరు రాయాలి అన్న తగవు వికీపీడియా అంత పాతది కాకపోయినా దాదాపు దానితో పాటే పెరిగింది. గెలిచినవాళ్ల విషయంలో పేచీ లేదు. చిక్కంతా ఓడినవాళ్లతోనూ, ఇంకా ఫలితం తేలనివాళ్లతోనూ. హైదరాబాదు నడిబొడ్డున ఉన్న అమీర్‌పేట, పంజాగుట్ట ఈ తగవును దగ్గరగా చూడడానికి వీలైన చోటు. అమీర్‌పేట సనత్‌నగర్ శాసనసభ నియోజకవర్గంలో ఉంది. పంజాగుట్ట ఖైరతాబాదు వైపుకు వస్తుంది. రెండూ సికింద్రాబాద్ లోక్‌సభ స్థానంలోవే. మాజీ ముఖ్యమంత్రి, ఆయన కొడుకు, సీబీఐ మాజీ డైరెక్టరు, ఇంగ్లీషు నవలా రచయిత్రి ఇక్కడి బ్యాలెట్ మీద కనిపించారు. వ్యాసాలకు మూలాలుగా నిలిచే వార్తలు తయారయ్యేదీ ఈ చుట్టుపక్కలే. ప్రెస్‌క్లబ్ పక్కనున్న సోమాజిగూడలో ఉంది, ఈనాడు కార్యాలయం కూడా చాలాకాలం అక్కడే ఉండేది.

అచ్చు కాలం

అచ్చు విజ్ఞాన సర్వస్వాల్లో ఎవరి పేరు ఎక్కాలన్నది సంపాదకుడి చేతిలోనూ, కాగితం ఖర్చు చేతిలోనూ ఉండేది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలిని నిలబెట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ఆ తర్వాత ‘ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము’ తలకెత్తుకున్నారు. 1923లో ఆయన పోయేనాటికి పని అకారం దగ్గరే ఉంది. హకారంతో పేరు మొదలయ్యే నాయకుడికి అందులో చోటు దొరికే ప్రశ్నే రాలేదు.

ప్రాముఖ్యత అన్న మాటను తెలుగువాళ్లు గట్టిగా పరీక్షకు పెట్టిన సందర్భం మాత్రం విజ్ఞాన సర్వస్వంలో కాక ఒక కవుల సంచికలో కనిపిస్తుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి 1934లో ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చారు. 354 మంది కవులను అందులో చేర్చారు. పేరు కనబడలేదంటే మనిషి లేడని అర్థం కాదు, అచ్చుకెక్కించినవాళ్లు లేరని కూడా కావచ్చు. ఇవాళ వికీపీడియా చర్చ పేజీల్లో ‘మూలాలు లేవు, తొలగించాలి’ అన్న వ్యాఖ్య చదివినప్పుడు ఈ సంచిక గుర్తుకు రాక మానదు. సురవరం 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికయ్యారు కూడా. ఓడి ఉన్నా ఆయన వ్యాసానికి లోటేమీ వచ్చేది కాదు.

నియమం ఎలా కుదిరింది

2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ వ్యాసంలోకి ఎవరో అజ్ఞాత వాడుకరి కెనెడీ సోదరుల హత్యలతో ఆయనకు సంబంధముందన్న అబద్ధాన్ని చొప్పించాడు. అది నెలల తరబడి అలాగే ఉండిపోయింది. ఆయన ఆ ఏడాది నవంబరులో పత్రికలో వ్యాసం రాసి బయటపెట్టాక, బతికున్న వ్యక్తుల గురించి రాసేటప్పుడు ప్రతి వివాదాస్పద వాక్యానికీ గట్టి మూలం ఉండి తీరాలన్న విధానం రూపుదిద్దుకుంది. మరుసటి ఏడాది మొదట్లోనే ఇంకో సంగతి వార్తలకెక్కింది. మసాచుసెట్స్ కాంగ్రెస్ సభ్యుడు మార్టీ మీహన్ సిబ్బంది ఆయన వ్యాసంలో ఇబ్బందికర విషయాలను తీసేసి మంచి మాటలు పెట్టారని తేలింది. అబద్ధం రాసే అజ్ఞాత ఒక వైపు, అందం దిద్దే అనుచరుడు ఇంకో వైపు. రాజకీయ వ్యాసాల తలనొప్పి ఇప్పటికీ ఈ ఇద్దరిదే.

ఇంగ్లీషు వికీపీడియాలో స్థిరపడిన నియమం ఇది. జాతీయ, రాష్ట్ర స్థాయి పదవుల్లో ఉన్నవాళ్లకు, ఆ స్థాయి చట్టసభలకు ఎన్నికైనవాళ్లకు ప్రాముఖ్యత ఉన్నట్టే లెక్క. ప్రమాణ స్వీకారం కూడా అవసరం లేదు. స్థానిక సంస్థల సభ్యత్వం గానీ, గెలవని పోటీ గానీ ఉన్నంత మాత్రాన ఆ హామీ దొరకదు. స్వతంత్ర పత్రికలు, పుస్తకాలు ఆ మనిషి గురించి తగినంత విస్తారంగా రాసి ఉంటే వ్యాసం పెట్టవచ్చు. లేకపోతే ఆ పేరును ఎన్నిక వ్యాసానికి దారిమార్పు చేస్తారు.

ఈ నియమం పెద్ద ఎత్తున నవ్వులపాలైంది 2020లో. అయోవా సెనేట్ స్థానానికి డెమొక్రటిక్ పార్టీ టికెట్ గెలుచుకున్న థెరెసా గ్రీన్‌ఫీల్డ్ గురించి దేశమంతా రాస్తోంది, ఆ పోటీ మీద డబ్బు కుమ్మరిస్తోంది. వికీపీడియాలో మాత్రం ఆమెకు వ్యాసం లేదు. పదవిలో ఉన్న ప్రత్యర్థి జోనీ ఎర్న్‌స్ట్‌కు నిండైన వ్యాసం ఉంది. చివరికి పోలింగు దగ్గరపడ్డాక గ్రీన్‌ఫీల్డ్ వ్యాసానికి ఒప్పుకున్నారు. ఆమె ఓడిపోయారు. వ్యాసం లేకపోవడం వల్ల ఓడారని ఎవరూ అనలేరు గానీ, పదవిలో ఉన్నవారికి నియమమే ఎదురు లేని దారి పరిచిందన్న విమర్శకు సరైన జవాబు రాలేదు.

రెండు నియోజకవర్గాల అభ్యర్థులు

సనత్‌నగర్ నుంచి 1989లో గెలిచిన మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన తర్వాత 1992 ఉపఎన్నికలో కొడుకు శశిధర్ రెడ్డి గెలిచి, తర్వాత ఇంకో మూడుసార్లు అక్కడి నుంచే సభకు వెళ్లారు. 2014 నుంచి వరసగా తలసాని శ్రీనివాస్ యాదవ్ గెలుస్తున్నారు. ఖైరతాబాదు అంటే చాలాకాలం పీజేఆర్ అని అర్థం. పి. జనార్దన రెడ్డి అక్కడ ఐదుసార్లు గెలిచారు. 1999లో ఆయనను ఓడించింది తెలుగుదేశం తరఫున నిలబడ్డ కె. విజయరామారావు. అంతకుముందు సీబీఐకి డైరెక్టరుగా చేసిన మనిషి. ఆ ఎన్నికలో ఓడి ఉన్నా ఆయనకు వ్యాసం ఉండేదే.

2023 నవంబరు 30న సనత్‌నగర్‌లో జరిగిన పోటీ ఈ నియమానికి మంచి పరీక్ష. భారత రాష్ట్ర సమితి అభ్యర్థి తలసాని గెలిచారు. కాంగ్రెస్ నుంచి నిలబడ్డ కోట నీలిమ రెండో స్థానంలో, అప్పటికి భాజపాలో చేరి ఉన్న మర్రి శశిధర్ రెడ్డి మూడో స్థానంలో నిలిచారు. నీలిమ పాత్రికేయురాలు, రైతు ఆత్మహత్యల నేపథ్యంలో ‘షూస్ ఆఫ్ ద డెడ్’ నవల రాశారు, విదర్భ రైతు భార్యల మీద ‘విడోస్ ఆఫ్ విదర్భ’ పుస్తకం రాశారు. ఆమెకు వ్యాసార్హత ఆ పుస్తకాల వల్ల వస్తుంది, పోటీ వల్ల కాదు. శశిధర్ రెడ్డి పాత శాసనసభ్యుడు, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థకు ఉపాధ్యక్షుడిగా చేసినవారు. అంటే ముగ్గురూ వేరు వేరు గుమ్మాల్లోంచి విజ్ఞాన సర్వస్వంలోకి వచ్చినవాళ్లే. పక్కన ఖైరతాబాదులో అదే రోజు కాంగ్రెస్ తరఫున ఓడిన పి. విజయారెడ్డి పీజేఆర్ కూతురు, కార్పొరేటర్. నియమాన్ని అక్షరాలా పట్టుకుంటే కార్పొరేటరు పదవి చాలదు, ఓడిన పోటీ చాలదు, తండ్రి పేరు అసలే చాలదు. పత్రికల్లో ఆమె గురించి ఎంత వచ్చిందన్నదే లెక్క. పత్రికలు తండ్రి పేరును బట్టే ఎక్కువ రాస్తాయి కాబట్టి, వారసత్వాన్ని వీధి గుమ్మం దగ్గర ఆపిన నియమం దొడ్డిదారిన రానిస్తుంది. ఈ నియమంలోని అసలు లోపం ఇదే. ఎలాంటి కుటుంబమూ, పాత ఉద్యోగమూ, పుస్తకమూ లేని అభ్యర్థి పదేళ్లు బస్తీల్లో తిరిగినా పట్టికలో ఒక వరుసగానే మిగులుతాడు.

ఆ పట్టికైనా దక్కుతుందా అంటే, అదీ అనుమానమే. తెలుగు వికీపీడియాలో నియోజకవర్గ వ్యాసాల్లోని పట్టికలు చాలావరకు విజేత, సమీప ప్రత్యర్థి అన్న రెండు పేర్లతో సరిపెడతాయి. అలాంటి పట్టికలో 2023 సనత్‌నగర్ వరుసలో నాలుగుసార్లు గెలిచిన శశిధర్ రెడ్డికే చోటుండదు. ఇంగ్లీషులో పట్టికలు పొడవు. 2013లో వచ్చిన నోటాకు కూడా అక్కడ ఒక వరుస ఉంటుంది, చిన్నచిన్న స్వతంత్రులకు మాత్రం అన్నిసార్లూ ఉండదు. ఎవరూ కానివాడికి దొరికిన చోటు డిపాజిట్ కట్టి నిలబడ్డవాడికి దొరకలేదన్నమాట. వ్యాసం ఇవ్వాలా వద్దా అన్న చర్చ మీద పెట్టే శ్రమలో సగం పెట్టి, పోటీ చేసిన అందరి పేర్లూ ఓట్లూ ఎన్నికల సంఘం లెక్కలతో నింపితే న్యాయం ఎక్కువ జరుగుతుంది.

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానికి పునాది వేసినవారు వెన్న నాగార్జున. 2013 ఉగాదికి ఆబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో తెలుగు వికీ మహోత్సవం జరిగింది. మరుసటి ఏడాది విజయవాడలో దశాబ్ది ఉత్సవాలు జరిపి కొమర్రాజు లక్ష్మణరావు పేరిట పురస్కారాలు ఇచ్చారు. తెలుగు వికీ ఇబ్బంది ఇంగ్లీషు వికీ ఇబ్బందికి తలకిందులు. రాకుండా ఆపడం కన్నా, వచ్చినదాన్ని చూసుకోవడం కష్టం. ఎన్నికలప్పుడు పుట్టిన మొలక వ్యాసం ఊరు, చదువు, పార్టీ, గెలిచిన సంవత్సరం అన్న నాలుగు ముక్కలతో ఆగిపోతుంది. తర్వాత ఆ నాయకుడు పార్టీ మారినా, పదవి పోయినా దిద్దే చేతులు తక్కువ. వికీ చర్చల వేదిక రచ్చబండలో ఎంత మంచి విధానం రాసుకున్నా అమలు చేసేది ఆ కొద్దిమందే.

మూలాల చిక్కు

ఓడిన అభ్యర్థి గురించి రాసే వార్త ఎక్కడ వస్తుంది? ప్రధాన సంచికలో కాదు. ఈనాడు 1989లో జిల్లాల టాబ్లాయిడ్లు మొదలుపెట్టాక మిగతా పత్రికలూ ఆ బాట పట్టాయి. నగరం సంచికలో ఒక మూల, మూడు అంగుళాల వార్త: ఫలానా బస్తీలో ఫలానా అభ్యర్థి ఇంటింటి ప్రచారం, మహిళల మంగళహారతులు, నాలాల సమస్య తీరుస్తానన్న హామీ, కింద పాల్గొన్న నాయకుల పేర్లు. అలాంటి వార్తలు వంద ఉన్నా వికీపీడియా లెక్కలో అవి ‘విస్తారమైన ప్రస్తావన’ కావు. పైగా కొంతకాలానికి ఆ పేజీ అంతర్జాలంలో దొరకదు, లంకె తెగిపోతుంది. పాత కాగితం వెతుక్కుని గ్రంథాలయానికి వెళ్లే ఓపిక స్వచ్ఛందంగా రాసేవాళ్లలో ఎంతమందికి ఉంటుంది?

దొరికిన వార్తను నమ్మవచ్చా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2009 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు తీసుకుని వార్త రూపంలో ప్రచారం వేసే పద్ధతి మీద వర్కింగ్ జర్నలిస్టుల యూనియనే గళమెత్తింది. ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘంగా పరంజయ్ గుహా ఠాకుర్తా, మన కె. శ్రీనివాస్ రెడ్డి కలిసి 2010లో వివరమైన నివేదిక ఇచ్చారు. పత్రికల పేర్లున్న ఆ నివేదికను కౌన్సిల్ పక్కనపెట్టి కుదించిన పాఠాన్ని విడుదల చేసింది. సమాచార కమిషన్ చెబితే గానీ 2011లో పూర్తి పాఠం బయటికి రాలేదు. ఎన్నికల సీజన్‌లో ఒక అభ్యర్థికి ‘స్వతంత్ర మూలాలు’ గుట్టలుగా పేరుకోవడానికి ఆయన ప్రాముఖ్యతే కారణం కానక్కర్లేదు, జేబు కూడా కావచ్చు. వికీపీడియా నియమం పత్రికను స్వతంత్ర సాక్షిగా చూస్తుంది. ఎన్నికల నెలలో అది ఎంత స్వతంత్రమో ఆ నివేదిక చదివినవాళ్లకు తెలుసు.

వికీలో నేరుగా డబ్బుకు రాసేవాళ్లూ ఉన్నారు. ఎవరి దగ్గర డబ్బు తీసుకుని రాస్తున్నదీ చెప్పి తీరాలన్న షరతును వికీమీడియా ఫౌండేషన్ 2014లో తెచ్చింది. 2015లో 381 దొంగ ఖాతాలను ఒక్కసారిగా నిరోధించారు. వ్యాసాలు పెట్టిస్తామని, పెట్టినవాటిని కాపాడతామని డబ్బు గుంజిన ముఠా అది. అదే ఏడాది మన దేశంలో నెహ్రూ వ్యాసంలో జరిగిన వివాదాస్పద మార్పులు ప్రభుత్వ సమాచార కేంద్రమైన ఎన్‌ఐసీ ఐపీ చిరునామా నుంచి వచ్చాయని వార్తలొచ్చాయి.

ఎన్నికల సంఘం దృష్టిలో

భారత ఎన్నికల సంఘం 2013 అక్టోబరు 25న సామాజిక మాధ్యమాల ప్రచారంపై ఇచ్చిన ఆదేశాల్లో మాధ్యమాలను ఐదు రకాలుగా విడగొట్టింది. మొదటి రకానికి, అంటే పదిమంది కలిసి రాసే వేదికలకు, ఉదాహరణగా చెప్పింది వికీపీడియానే. ప్రచార ఖర్చు, ప్రవర్తనా నియమావళి వీటికీ వర్తిస్తాయి. కానీ అభిమాని అర్ధరాత్రి కూర్చుని తన నాయకుడి వ్యాసంలో ‘ప్రజల మనిషి’ అని చేరిస్తే అది ప్రచారమా, దిద్దుబాటా? దాన్ని తీసేసేది ఎన్నికల అధికారి కాదు, ఇంకో స్వచ్ఛంద రచయిత.

2002, 2003 సుప్రీంకోర్టు తీర్పుల తర్వాత ప్రతి అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు, అప్పులు, చదువు ఫారం 26 ప్రమాణపత్రంలో ఇవ్వాలి. సనత్‌నగర్‌లో మంత్రి ఇచ్చిందీ, స్వతంత్రుడు ఇచ్చిందీ ఒకటే నమూనా, ఒకటే గడులు. అభ్యర్థులందరినీ సమానంగా చూసే పత్రం ఇదొక్కటే. అయితే అది అభ్యర్థి తన గురించి తానే చెప్పుకున్న ప్రాథమిక పత్రం కాబట్టి వికీపీడియా దాన్ని జాగ్రత్తగా వాడమంటుంది. కేసులున్నాయని ఒకరి వ్యాసంలో రాసి, అలాంటి కేసులే ఉన్న మరొకరి వ్యాసంలో రాయకపోతే రెండు వాక్యాలూ నిజమైనా పక్షపాతమే.

పార్టీ గడి

నాయకుల వ్యాసంలో కుడి పక్కన ఉండే సమాచార పెట్టెలో ‘పార్టీ’ అని ఒక గడి ఉంటుంది. ఈ రెండు నియోజకవర్గాలు ఆ గడిని బాగా సతాయించాయి. 2014లో తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన తలసాని అదే ఏడాది డిసెంబరులో తెరాస ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. శాసనసభ్యత్వానికి రాజీనామా ఇచ్చానన్నారు, స్పీకరు ఆమోదించలేదు. ఆ కాలానికి గడిలో ఏం రాయాలి? ఖైరతాబాదులో దానం నాగేందర్ 2023లో భారత రాష్ట్ర సమితి తరఫున గెలిచి, 2024 మార్చిలో కాంగ్రెస్‌లో చేరి, ఆ పార్టీ అభ్యర్థిగా సికింద్రాబాద్ లోక్‌సభకు పోటీ చేసి కిషన్ రెడ్డి చేతిలో ఓడారు. పార్టీ మారిన శాసనసభ్యుల అనర్హత పిటిషన్లను మూడు నెలల్లో తేల్చాలని సుప్రీంకోర్టు 2025 జులై 31న స్పీకరుకు చెప్పింది. ఒక పార్టీ పేరు రాస్తే ఒక వర్గం చెరిపేస్తుంది, రెండోది రాస్తే రెండో వర్గం. ‘2023లో ఫలానా పార్టీ గుర్తు మీద గెలిచారు, 2024 మార్చిలో ఫలానా పార్టీలో చేరారు’ అని తేదీలతో వ్యాసం లోపల రాసి గడిని ఖాళీగా వదిలేస్తే తటస్థ దృక్కోణానికి అదే దగ్గర. కానీ ఖాళీ గడిని చూసి ఊరుకునే రాజకీయాభిమాని హైదరాబాదులో ఇంకా పుట్టలేదు.