నీటి అడుగున దీపము

సాయంకాలము కంభము చెరువు కట్టపై నిలిచి చూచినవారికి అది చెరువుగా తోచదు. కొండల నడుమ చిక్కిన చిన్న సముద్రము వలె నుండును. గుండ్లకమ్మ కొండలు దాటి వెలువడు సందును మూసి కట్టిన ఆ కట్ట యెత్తు 57 అడుగులని పాత గెజిటీరు చెప్పుచున్నది. విజయనగర రాజుల కాలమున గజపతుల ఆడుపడుచు వరదరాజమ్మ దీనిని కట్టించెనని అక్కడివారు చెప్పుకొందురు. కంభము 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ యేట క్రొత్తగా నేర్పడిన ప్రకాశం జిల్లాలో చేరినది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘమువారు ఈ చెరువును ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడముగా గుర్తించిరి.

ఈ కట్ట చరిత్రను శ్రోతలు పలుమారులు విని యుందురు. మేము చెప్పదలచినది కట్టకు లోపలి ప్రక్క, నీటి అడుగున ఉన్న చీకటిని గూర్చి. ఆ చీకటిలోనికి మానవుడు తీసికొనిపోయిన దీపమును గూర్చి.

కొన్నియేండ్ల క్రిందట చెరువులపై ఒక కార్యక్రమమునకు మాటలు రికార్డు చేయుటకై కంభము పోయితిమి. నీటిలో మునిగినను వెలుగునని చెప్పి అమ్మిన టార్చిలైటు ఒకటి మా వెంట నుండెను. నూరు మీటర్ల లోతువరకు భయము లేదని దాని అట్టపెట్టెపై వ్రాసి యుండెను. కట్ట కడ దానిని త్రాటికి కట్టి నీటిలోనికి దింపితిమి. మనిషి రొమ్ములోతు కూడ పోలేదు. రెండుమారులు రెప్పవేసినట్లు వెలిగి యారి, మరి వెలుగలేదు. పైకి తీసి చూడగా అద్దము వెనుక గ్రుక్కెడు నీరు. ప్రక్కన నిలిచి చూచుచున్న వృద్ధుడొకడు, వయసులో నున్నప్పుడు తన యూరి చెరువు తూములు తీసి మూసినవాడు, నవ్వుచు ఇట్లనెను: "లోపలికి దీపమెందుకయ్యా? వాననీళ్ళు ఎర్రగా ఉన్నప్పుడు దీపం పెడితే ఇంకా ఏం కనపడదు. చెయ్యి పెట్టి తడుముకోవడమే."

నూరు మీటర్లు ఓర్చుననిన దీపము నాలుగడుగులలో నేల చచ్చెను? వృద్ధుడు చెప్పిన మాటలో నిజమెంత? ఈ రెండు ప్రశ్నలే మమ్ములను ఈ చరిత్రలోనికి దింపినవి.

మొదట నీటి బరువును తలచుకొందము. మన తలపై నున్న గాలి యంతయు కలిసి ఎంత ఒత్తునో, సుమారు 34 అడుగుల మంచినీరు అంత ఒత్తును. కంభము కట్ట యెత్తు వరకు నీరు నిలిచినదనుకొన్న, దాని అడుగున నాలుగంగుళముల అడ్డుకొలత గల దీపపుటద్దముపై పడు భారము సుమారు 140 కిలోలు. రెండు వడ్లబస్తాలకు కొంచెము తక్కువ. మంచి అద్దము దీనికి జంకదు. అదే అద్దమును సముద్రమున 2000 మీటర్ల లోతునకు దింపినచో పదునారు టన్నులకు పైబడిన బరువు దానిపై కూర్చుండును. 6000 మీటర్లకు పోయిన యాబది టన్నులు. బాగుగా సరుకెత్తిన లారీలను కొన్నింటిని ఒక అరచేతి వెడల్పు అద్దముపై పేర్చినట్లు!

అంత లోతున దీపము ఎందుకనవచ్చును. సముద్రజలములో సూర్యుని ఎరుపురంగు కొలది మీటర్లలోనే ఇంకిపోవును. నీలము మాత్రము చాలదూరము దిగును. 200 మీటర్లు దాటిన తరువాత మసకవెలుగు. 1000 మీటర్ల క్రింద పగలు లేదు. మా రేడియో అలలు సైతము ఉప్పునీటిలో కొలది దూరములోనే అణగిపోవును. కావున అక్కడికి పోయినవాడు తన వెలుగును తానే మోసికొని పోవలయును. అది యారినచో ఎదుట నున్న గోడ కూడ కనబడదు.

నీటి అడుగున వెలుగును పుట్టించు యత్నములు విద్యుద్దీపము ఇండ్లలోనికి వచ్చిన కాలముననే మొదలైనవి. ఫ్రాన్సు దేశీయుడు లూయీ బూటాన్ 1893లో సముద్రములో ఫోటోలు తీసెను. వెలుగు కొఱకు ఒక పీపాలో ప్రాణవాయువు నింపి, దానిపై దీపము నిలిపి, మెగ్నీషియము పొడిని మంటలోనికి ఊదుట అతని తొలి ఉపాయములలో నొకటి. పీపాను నీటిలోనికి దింపి మంటను మండించుట! చదువునపుడు మాకు నవ్వు వచ్చెను. కాని ఆ పీపాతోనే మొదటి నీటిలోపలి మెరుపుచిత్రములు వచ్చినవి.

అసలు పరీక్ష అమెరికా దేశీయులు విలియం బీబ్, ఓటిస్ బార్టన్ అను నిద్దరి వలన కలిగెను. 1930లో వీరు బెర్ముడా ద్వీపము కడ ఉక్కుగోళమొకదానిని ఓడ నుండి త్రాటితో సముద్రములోనికి దింపిరి. దాని గోడ మందము అంగుళమున్నర. కిటికీలు మూడంగుళముల మందము గల కరగించిన స్ఫటికము. దీపమును బయట పెట్టిన పగులునని భయపడి, దానిని గోళము లోపలనే యుంచి, కిటికీ గుండ వెలుగును బయటకు పంపిరి. దీపమునకు వేరుగా కవచము కట్టక, మనుష్యులకు కట్టిన కవచములోనే చోటిచ్చుట అన్నమాట. తెలివైన ఉపాయమే గాని, దీనితో కిటికీ ఒకటి మనిషి కంటికి గాక దీపమునకు పోయెను.

1932 సెప్టెంబరులో గోళమును ఖాళీగా 3000 అడుగులకు దింపి పైకి తీయగా అది నీటితో నిండి యుండెను. కిటికీ అంచున కారినది. లోపల చిక్కిన నీరు అడుగుననున్న ఒత్తిడితోనే ఓడమీదికి వచ్చెను. తలుపు మధ్యనున్న మరను విప్పబోగా అది చేయి వదలి తుపాకిగుండు వలె ఓడ తట్టుపై దూసికొనిపోయెను; దాని వెనుక నీటిధార. ఆ దారిలో ఎవరును లేకపోవుట అదృష్టము. గోళములో మనుష్యులుండినచో ఏమగునో బీబ్ కండ్లార చూచెను. అయినను అదే మాసము 22వ తేదీన కిటికీ బాగుచేసికొని ఇద్దరును దిగిరి. 2200 అడుగుల లోతు నుండి బీబ్ టెలిఫోను తీగపై చెప్పిన మాటలు అమెరికా రేడియోలో ప్రసారమైనవి, ఇంగ్లండులోను విన్నారు. మా వృత్తిలో నున్నవారికి ఆ తేదీ మరపునకు రాదు. 1934 ఆగస్టు 15న వారు 3028 అడుగులు చేరిరి. అక్కడ చదరపు అంగుళమునకు ఒత్తిడి సుమారు 1350 పౌనులు. దీపపు వెలుగులో తాము చూచితిమని బీబ్ వర్ణించిన కొన్ని చేపలు మరి యెవరికిని నేటివరకు కనబడలేదు.

1960 జనవరి 23న జాక్ పికార్డు, డాన్ వాల్ష్ అనువారు ట్రియెస్ట్ అను నౌకలో పసిఫిక్ మహాసముద్రపు అగాధమునకు, సుమారు 10,900 మీటర్లు, దిగిరి. త్రోవలో తొమ్మిదివేల మీటర్లు దాటిన పిదప పెద్ద చప్పుడు వినబడెను. లోనికి వచ్చు దారిలోని ప్లాస్టికు కిటికీ పగిలినది. వారున్న గోళమునకు ముప్పు లేదని తెలిసికొని క్రిందికే పోయిరి. అడుగున దీపము వేసి పికార్డు ఒక చదునైన చేపను చూచితినని చెప్పెను. అంత లోతున చేప బ్రతుకదని జీవశాస్త్రజ్ఞులు తరువాత అనుమానించిరి. ఇరువది నిమిషముల వెలుగులో చూచిన సాక్ష్యమునకు అంతకన్న నిలకడ యెట్లు వచ్చును?

ఈ దీపము లెందుకు చెడును? పాతకాలపు బల్బు లోపల శూన్యమో, పలుచని వాయువో ఉండును. బయట వందల వాతావరణముల ఒత్తిడి. నడుమ గాజు. గాజు గీత పడక, అంతట సమానమైన మందముతో నున్నంతవరకు ఓర్చును. ఒక్క గాటు చాలును, కనురెప్ప పాటున లోపలికి కుప్పకూలును. ఆ కూలుటతో పుట్టిన దెబ్బ నీటిలో ప్రక్కనున్న మరియొక బోలు వస్తువును పగులగొట్టవచ్చును. 2014 మే 10న న్యూజిలాండు ఈశాన్యమున కెర్మాడెక్ అగాధములో 9,900 మీటర్ల లోతున నీరియస్ అను మానవరహిత యంత్రము నశించెను. తేలుటకై అమర్చిన పింగాణి గోళము లోపలికి కూలియుండునని దానిని నడిపినవారు తేల్చిరి. మిగిలినది నీటిపై తేలివచ్చిన ముక్కలు. 2023 జూన్ 18న టైటాన్ నౌకలో ఐదుగురు మరణించుట శ్రోతలకు జ్ఞాపకమే.

దీనికి రెండు మార్గములు. గోడను మందము చేయుట మొదటిది. రెండవది మాకు మిక్కిలి నచ్చినది: దీపము లోపల గాలికి బదులు నూనె నింపి, ఒక ప్రక్క మెత్తని తిత్తి అమర్చుదురు. సముద్రము తిత్తిని ఒత్తిన నూనెయు అంతే ఒత్తిడిని పొందును. లోపల, బయట ఒకటే. ఇక పగులుటకు కారణమేమున్నది? నిండుకుండ తొణకదని మనవారన్నారు; లోతున అది పగులను కూడ పగులదు. పాతబల్బునకు ఈ ఉపాయము పనికిరాదు, దాని కడుపే ఖాళీ. నేటి ఎల్.ఇ.డి. దీపము గట్టిపదార్థము. దానిలో శూన్యము లేదు గనుక నూనెలో మునిగి కూర్చుండును. అయితే దానికి కరెంటును పంచు సామగ్రిలో లోపల బోలుగా నుండు భాగములున్న, అవి ముందు నలుగును. అందుచేత ప్రతి భాగమును ఒత్తిడి పాత్రలో పెట్టి, లోతును ఓడరేవులోనే చవిచూపి, పిమ్మట సముద్రమునకు పంపుదురు.

ఇప్పుడు మా టార్చిలైటు సంగతి. డెన్మార్కులో పుట్టి అమెరికాలో స్థిరపడిన నీల్స్ క్రిస్టెన్సన్ 1937లో ఒక రబ్బరు ఉంగరమునకు పేటెంటు కోరి 1939లో పొందెను. దానినే ఓ-రింగు అందురు. గాడిలో కూర్చున్న ఈ ఉంగరమును నీరు ఎంత ఒత్తిన అంతగా అది తన సందులో బిగిసికొనును. అనగా లోతుకు పోవుకొలది మూత గట్టిపడును! దానికి బలహీనత పైభాగముననే. ఒత్తిడి చాలక, ఉంగరము ఇంకను గాడిలో సరిగా కూర్చుండని మొదటి అడుగులలో. అప్పుడు దానిపై ఒక వెంట్రుకయో ఇసుకరేణువో అడ్డుపడిన, ఆ సందున నీరు దూరును. మా దీపము మూత విప్పి చూడగా ఉంగరముపై తువ్వాలు నూలుపోగు ఒకటి అంటుకొని యుండెను. ముందురాత్రి బాటరీలు మార్చినది మేమే. అట్టపెట్టెపై వ్రాసిన మాట అబద్ధమని అప్పటికే పలువురితో అంటిమి. ఆ మాటను వెనుకకు తీసికొనుచున్నాము.

కారుట యనునది మన పూర్వులకు క్రొత్త దోషము కాదు. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు కడ 1369 నాటి శాసనమున్నది; విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వేయించినది. అందు చెరువునకు ఆరు దోషములు లెక్కించి, వానిలో మొదటిదిగా కట్ట నుండి నీరు ఊరుటను చెప్పిరి.

ఇట్టి దీపములున్నవారికి ఒకటి రెండు సంగతులు. నీటిలో చల్లబడుట కని కట్టిన దీపమును గట్టుపై చాలసేపు వెలిగించిన వేడెక్కి చెడును. నీరు చొరబడిన దీపములో బాటరీలు వాయువును పుట్టించును. మూత విప్పునపుడు అది ముఖమునకు ఎదురుగా నుండరాదు.

వృద్ధుని మాటయు నిజమే. వరదనీటిలోని మట్టిరేణువులు వెలుగును కంటిలోనికే తిప్పికొట్టును. పొగమంచులో మోటారుబండి పెద్దదీపము వేసినట్లు. దీపమును కంటికి దూరముగా, ప్రక్కగా నిలుపుట దానికి మందు. అందుచేతనే లోతున తిరుగు యంత్రములకు దీపములను చాచిన చేతులపై అమర్చుదురు.

అట్టి యంత్రములు మన తీరముననే పనిచేయుచున్నవి. కాకినాడకు ఎదురుగా సముద్రములో, కృష్ణా గోదావరీ క్షేత్రమునకు చెందిన ఆర్ క్లస్టరు అను వాయుబావులు 2020 డిసెంబరులో ఉత్పత్తి మొదలుపెట్టినవి. అక్కడ సముద్రపు లోతు 2000 మీటర్లకు పైమాట. మనిషి ఈదుచు పోలేడు. 2025 జూలై 18న విశాఖపట్టణమున నౌకాదళములో చేరిన, అక్కడి హిందూస్థాన్ షిప్‌యార్డులో కట్టిన నిస్తార్ నౌక నుండి దిగు గజయీతగాండ్రకు హద్దు 300 మీటర్లు. అంతకు మించిన లోతున తీగచివర నడచు యంత్రములే గొట్టములను, మరలను చూచుకొనవలెను. వానికి దీపము కన్ను. ఒకటి చెడిన తక్కినవి వెలుగునట్లు వేరువేరు తీగలపై నాలుగైదు దీపములు అమర్చుదురు. ఒక దీపములోనికి దూరిన నీరు మిగిలిన యంత్రమును కూడ ఆర్పకుండ వేరువేరు ఫ్యూజులు. మద్రాసు సముద్ర విజ్ఞాన సంస్థవారి రోసబ్ యంత్రము 2010లో హిందూమహాసముద్రములో 5,289 మీటర్లు దిగి వచ్చెను. ముగ్గురు మనుష్యులు 6000 మీటర్లకు పోవుటకై ఆ సంస్థవారే మత్స్య 6000 అను టైటానియము గోళమును సిద్ధము చేయుచున్నారు. 2025 ఆరంభమున దానిని కాట్టుపల్లి రేవులో నీటిలోనికి దింపి చూచిరి.

మా టార్చిలైటును బాగుచేయుట సులభమే అయ్యెను. ఉంగరమును తుడిచి, కొంచెము గ్రీజు వ్రాసి, మూత బిగించి, బసలో బకెట్టునీటిలో ముంచి పెట్టగా తెల్లవారువరకు వెలిగెను. మరునాడు దానిని ఆ వృద్ధునికే ఇచ్చి వచ్చితిమి. రాత్రివేళ కట్టపై పాములను చూచుకొనుటకు పనికివచ్చునని ఆయన పుచ్చుకొనెను. నీటిలో మాత్రము ముంచనని ముందే చెప్పెను.