పడిగె, టేపు, హార్డ్‌డిస్క్: భద్రాచలం మన్యంలో క్షేత్రసేకరణ దెబ్బలకు ఓర్చిన తీరు

ఉపోద్ఘాతం

జానపద, గిరిజన వాఙ్మయాలపై వెలువడే సిద్ధాంతగ్రంథాలలో క్షేత్రపర్యటన గురించి ఒక అధ్యాయమో, కనీసం నాలుగు పుటలో ఉంటాయి. కథకుని వయసు, ఊరు, సేకరించిన తేదీ అందులో నమోదవుతాయి. సేకరించిన పాఠం ఏ వస్తువు మీద నిలిచింది, విశ్వవిద్యాలయం చేరేలోగా ఆ వస్తువు ఏ దెబ్బలకు ఓర్చుకుంది అన్న ప్రశ్నకు మాత్రం చోటు దొరకదు. ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం చేరి, అక్కడినుండి చర్ల వైపో చింతూరు వైపో అడవి అంచు గూడేలకు వెళ్లే పరిశోధకునికి ఇది అప్రధానమైన ప్రశ్న కాదు. ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌ను కేంద్రంగా తీసుకొని దీనిని చారిత్రకంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

ఈ ప్రాంతాన్నే ఎంచుకోవడానికి కారణం ఉంది. కూనవరం, వరరామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మండలాలు 2014లో ఖమ్మం జిల్లా నుండి ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. వాటిలోని అనేక కోయ, కొండరెడ్డి గ్రామాలు పోలవరం ముంపు పరిధిలో ఉన్నాయి. 2022 జూలై వరదలో భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. ఫలానా వాగు, ఫలానా గట్టు చూపిస్తూ ఒక వృద్ధుడు చెప్పిన కథనాన్ని, ఊరు తరలిపోయాక అదే చోట మళ్లీ నమోదు చేయలేము. అక్కడ ఒక డిస్క్ పోతే మూలమే పోయినట్లు.

పడిగె నుండి టేపు దాకా

కోయల ఇలవేల్పు పడిగె త్రికోణాకారపు గుడ్డ. గోత్రచరిత్ర దాని మీద బొమ్మలుగా ఉంటుంది. డోలి కళాకారులు ఆ బొమ్మలను అనుసరించి కథ గానం చేస్తారు. చెద, చెమ్మ, నిప్పు పడిగెకు శత్రువులు. కిందపడితే దానికేమీ కాదు. ఒక మూల చిరిగినా మిగతా వంశక్రమం చదవవచ్చు, చిరిగిన భాగాన్ని కథకుని జ్ఞాపకం పూరిస్తుంది. నష్టం ఎంతమేరకో కంటికి కనిపించడం ఇక్కడ గమనార్హం.

క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ పాపికొండల రెడ్లపై 1945లో గ్రంథం ప్రచురించాడు. ఆయన ఫొటోలు, చలనచిత్రాలు నేడు లండన్‌లోని సోయాస్‌లో ఉన్నాయి. గొమ్ము కోయ మాండలికంపై స్టీఫెన్ టైలర్ వ్యాకరణం 1969లో వెలువడింది. ఆ తరం సాధనాలు నోటుపుస్తకం, ఫిల్మ్, అయస్కాంత టేపు. టేపు తెగితే అతికించేవారు. క్యాసెట్ డబ్బా పగిలితే చుట్టను తీసి మరో డబ్బాలో అమర్చేవారు. పోయేది కొన్ని క్షణాల పాట మాత్రమే.

హార్డ్‌డిస్క్ ప్రయాణం నేర్చిన క్రమం

హార్డ్‌డిస్క్ పుట్టుకతో స్థావరం. ఐబీఎం 1956లో తెచ్చిన రామాక్‌లో 24 అంగుళాల పళ్లేలు 50 ఉండేవి. వాటి సామర్థ్యం సుమారు 50 లక్షల అక్షరాలు. దాని బరువు టన్ను పైమాటే. అది కిందపడటం గురించి ఎవరూ ఆలోచించవలసిన అవసరం లేదు. 1988లో ప్రెయిరీటెక్ సంస్థ 20 మెగాబైట్ల రెండున్నర అంగుళాల డిస్క్‌ను తెచ్చింది. డిస్క్ ఒడిలో ఇమిడే పరిమాణానికి రావడంతో కుదుపుల సమస్యా మొదలయింది.

పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటే, చదివే ముల్లు దాని ఉపరితలానికి కొద్ది నానోమీటర్ల ఎత్తులో గాలిపొర మీద తేలుతుంటుంది. దెబ్బ తగిలితే ముల్లు పళ్లేన్ని గీరుతుంది. చాలా ల్యాప్‌టాప్ డిస్కుల పళ్లేలు గాజువి కావడం వల్ల పగిలే ప్రమాదమూ ఉంది. తొలినాళ్లలో డిస్క్ ఆగినప్పుడు ముల్లు పళ్లెం మీదనే వాలేది. 1990ల ద్వితీయార్ధంలో ఐబీఎం ల్యాప్‌టాప్ డిస్కులలో ముల్లును పళ్లెం బయటి వాలుబల్ల మీదకు చేర్చే ఏర్పాటు ప్రవేశపెట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలైన మలుపు ఇదే. 2003లో థింక్‌ప్యాడ్‌లలో, 2005లో ఆపిల్ ల్యాప్‌టాప్‌లలో వచ్చిన కదలికను పసిగట్టే రక్షణ, ఆ ముల్లును దెబ్బ తగిలేలోపే పళ్లెం నుండి తప్పించే ప్రయత్నం.

అంకెలు, అరుగులు

రెండున్నర అంగుళాల డిస్కులకు తయారీదారులు సాధారణంగా ఇచ్చే పరిమితులు రెండు. తిరుగుతున్నప్పుడు సుమారు 350 నుండి 400 జీ, ఆగి ఉన్నప్పుడు సుమారు 900 నుండి 1000 జీ. జీ అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం. 75 సెంటీమీటర్ల బల్ల మీదినుండి పడిన వస్తువు సిమెంటు నేల మీద 2 మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోతే దానిమీద సగటున 375 జీ పడుతుంది. అలికిన మట్టినేల మీదనో బొంత మీదనో పడి ఒక సెంటీమీటరు దూరంలో ఆగితే అది 75 జీ మాత్రమే. ల్యాప్‌టాప్ పైచట్రం కొంత దెబ్బను మింగుతుంది కనుక ఇది స్థూలగణనే. అయినా ఒక విషయం స్పష్టం. అదే పతనం ఆగిన డిస్క్‌కు పరిమితిలోపలిది, తిరుగుతున్న డిస్క్‌కు ప్రాణాంతకం కావచ్చు.

కనుక అడవిదారి గతుకులను నిందించే మన అలవాటు సరికాదు. ఆపివేసి సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్‌కు జీపు కుదుపులు పెద్ద ప్రమాదం కాదు. ప్రమాదం పాట సాగుతున్న అరుగు మీద ఉంది. నులకమంచం ఎత్తు 45 సెంటీమీటర్లు అనుకుంటే నేలను తాకడానికి 0.3 సెకను పడుతుంది. ఆ వ్యవధిలో రక్షణవ్యవస్థ మేల్కొనవచ్చు. ఒక అంచు 5 సెంటీమీటర్లు లేచి మళ్లీ బండకు తగిలితే పట్టేది 0.1 సెకను మాత్రమే. అంతలో ముల్లును తప్పించడం కష్టం. తీగతో తగిలించుకునే బయటి హార్డ్‌డిస్క్‌ల పరిస్థితి మరీ కష్టం. లోపల ఉండేది అదే డిస్క్, పతనాన్ని పసిగట్టే ఏర్పాటు అన్నింటిలో ఉండదు. పక్కనుండి వెళ్లే పిల్లవాని కాలికి తీగ తగిలితే చాలు, తిరుగుతున్న డిస్క్ తిరుగుతూనే కిందపడుతుంది. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలు 1500 జీ వరకు తట్టుకుంటాయని తయారీదారులు పేర్కొంటున్నారు. ఇవి విస్తరించినా, పాత సేకరణలు అనేకం ఇప్పటికీ తిరిగే డిస్కుల్లోనే ఉన్నాయి.

టేపుకూ డిస్క్‌కూ ఉన్న మౌలికభేదం నష్టస్వభావంలో ఉంది. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక ఉన్న చోట గీత పడితే, మిగిలిన గంటలకొద్దీ గానం చెక్కుచెదరకుండా ఉన్నా సాధారణ పద్ధతుల్లో దొరకదు. పడిగెలో చిరుగు కనబడినట్లు డిస్క్‌లో గీత కనబడదు, కొన్నిసార్లు టిక్కుటిక్కుమనే చప్పుడు మాత్రం వినబడుతుంది. ఆ చప్పుడు విన్నవారు ఆత్రంగా మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూస్తారు. దెబ్బతిన్న ముల్లు అలా తిరిగిన ప్రతిసారీ పళ్లెం మీది అయస్కాంత పొరను మరికొంత గీకివేస్తుంది. మొదటిసారి ఆపి పక్కన పెట్టిన డిస్క్ నుండి నిపుణులు రాబట్టగలిగినంత పాఠాన్ని, పదిసార్లు ఆన్ చేసిన డిస్క్ నుండి రాబట్టలేరు.