బందరు కచేరీ, దగ్గుబాడు గంజాయి

ఇప్పుడు గిలకలదిండి అంటే చేపలరేవు. పందొమ్మిదో శతాబ్దంలో అది జిల్లా కచేరీ ఉన్న బందరుకు, అంటే మచిలీపట్నానికి, సముద్రం వైపు వాకిలి. ఆ జిల్లా మాత్రం ఈనాటి కృష్ణా జిల్లా కాదు. గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి 1859లో ఏర్పరచిన పెద్ద జిల్లా అది. 1904లో గుంటూరు విడిపోయేదాకా ఏటికి అవతలి బాపట్ల తాలూకా కూడా బందరు కలెక్టరు ఏలుబడిలోనే ఉండేది. ఆ తాలూకాలో దగ్గుబాడు, సంతరావూరు ప్రాంతపు రైతులు గంజాయి పండించేవారు, అదీ సర్కారుకు తెలిసే. మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తంలో గంజాయి సాగుకు పేరుపడ్డ చోట్లు రెండే: ఉత్తర ఆర్కాటు వైపు జవ్వాది కొండలు, బందరు కచేరీ కింది ఈ ఊళ్లు. జిల్లా హద్దులు మారేసరికి ఈ సంగతి కృష్ణా జిల్లావాళ్ల జ్ఞాపకంలోంచి జారిపోయింది, గుంటూరువాళ్లు దాన్ని తమదిగా చెప్పుకోలేదు. అందుకే ఇవాళ గంజాయిని చట్టబద్ధం చేయాలా వద్దా అన్న వాదం వచ్చినప్పుడల్లా ఇదేదో అమెరికా నుంచి దిగిన కొత్త ప్రశ్న అన్నట్టు మాట్లాడుకుంటున్నాం. చేయాలా వద్దా అన్నదాని కన్నా, చేస్తే ఎలా చేయాలి, వచ్చే డబ్బు ఎవరి చేతికి పోవాలి అన్నది పెద్ద ప్రశ్న. దానికి ఈ డెల్టా నూట ముప్పై ఏళ్ల కిందటే ఒక జవాబు చూసింది. ఆ జవాబులో ఏది నిలిచిందో, ఏది చెడిందో తేల్చుకోకుండా కొత్త చట్టం రాయడం తప్పని నా వాదన.

గంజాయి వాడకం ఈ తీరంలో అంతకన్నా చాలా పాతది. 1669 నుంచి 1679 దాకా బంగాళాఖాతం చుట్టూ వ్యాపారం చేసిన ఆంగ్లేయ నావికుడు థామస్ బౌరీ తన పుస్తకంలో మచిలీపట్నాన్ని వర్ణించాడు. తానూ తోటి నావికులూ తలుపులు మూసుకుని భంగు తాగి చూసిన వైనం కూడా అందులోనే రాశాడు. ఒకడు నేలమీద కూర్చుని ఏడ్చాడు, ఒకడు భయంతో జాడీలో తల దూర్చాడు, ఇంకొకడు స్తంభాన్ని పట్టుకుని గుద్దాడు. ఉత్తరాదిలో భంగు పండుగల్లో, ఇళ్లలో కలిసిపోయినంతగా తెలుగునాట గంజాయి ఇళ్లలోకి రాలేదు. ఇక్కడ దాన్ని ఎక్కువగా బైరాగులతో, ఫకీర్లతో, ఒళ్లు హూనమయ్యే పనులు చేసేవాళ్లతో జతచేసి చూశారు. గౌరవం లేని అలవాటే, కానీ నేరం కాదు.

దాన్ని నేరం చేయాలన్న ఒత్తిడి లండన్ నుంచి వచ్చింది. మద్యనిషేధవాది, పార్లమెంటు సభ్యుడు విలియం స్ప్రోస్టన్ కేన్ 1893 మార్చిలో కామన్స్ సభలో గంజాయి సంగతి లేవనెత్తాడు. హిందూదేశపు పిచ్చాసుపత్రులు గంజాయి తాగేవాళ్లతో నిండిపోతున్నాయన్న ప్రచారం అప్పటికే ఉంది. ఆ ఏడు జులైలో మాక్‌వర్త్ యంగ్ అధ్యక్షతన హెంప్ డ్రగ్స్ కమిషన్ ఏర్పడింది. నలుగురు ఆంగ్లేయులు, ముగ్గురు భారతీయులు కలిసి 1193 మంది సాక్ష్యం సేకరించి 1894లో నివేదిక ఇచ్చారు. పిచ్చాసుపత్రుల విషయంలో వాళ్లు చేసిన పని ఈనాటికీ చదవదగ్గది. 1892లో చేరిన 1344 మందిలో 222 మందికి గంజాయి, భంగు, చరస్‌ల వల్లే మతి చెడిందని రికార్డుల్లో ఉంది. కమిషన్ ఒక్కొక్క కేసూ విడిగా విచారిస్తే నిలబడ్డవి 98. వాటిలో మరే కారణమూ కలవకుండా ఈ మత్తుకే అంటగట్టదగ్గవి 61. కారణం గడిలో ఏదో ఒకటి రాయాలి కనుక పోలీసు చెప్పినదే గుమాస్తా రాసుకుపోయాడు, ఏటేటా అదే అంకె సర్కారు లెక్కల్లోకెక్కింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదని, అతిగా వాడితే ఉందని, అతివాడకం అరుదని కమిషన్ తేల్చింది. పూర్తి నిషేధం వద్దంది.

వద్దని చెప్పి ఊరుకోలేదు. ఎలా అనుమతించాలో కూడా చెప్పింది. సాగు లైసెన్సు ఉన్నవాడే చేయాలి, అదీ కొన్ని ఊళ్లకే పరిమితం కావాలి. పండిన పంట మీద నేరుగా పన్ను పడాలి, దానికి తోడు అమ్మే హక్కుకు వేలం పెట్టాలి. దుకాణాల సంఖ్య తగ్గాలి, ఒక మనిషి దగ్గర ఎంత ఉండొచ్చో హద్దు ఉండాలి. బెంగాలులో రాజషాహీ జిల్లా నౌగావ్ చుట్టూ ఈ పద్ధతి అప్పటికే నడుస్తోంది. మద్రాసులో చాలా ఏళ్లు సాగు మీద పట్టు సడలుగానే ఉండేది. కమిషన్ తరువాత ఇక్కడా పంట గోదాముకు చేరి, సుంకం కట్టాకే దుకాణానికి కదిలే ఏర్పాటు వచ్చింది, దగ్గుబాడు ఆ ఏర్పాటుకు ఒక కేంద్రమైంది. ఆడమొక్కల పూలగుత్తులు గింజపట్టకుండా పోతుమొక్కలను ఎప్పటికప్పుడు ఏరి పీకేయాల్సిన పంట ఇది. కంటికి కనపడే కొద్దిపాటి చేలల్లోనే పండితే కాపలా కాయడం సులువు, దాచడం కష్టం. కొద్ది ఊళ్లు, ఒక గోదాము, లెక్క తేలే సరుకు: ఏర్పాటులో ఈ భాగం గట్టిది. ఇవాళ ఏ దేశంలోనైనా లైసెన్సు సాగుకు నియమాలు రాసేవాళ్లు తెలిసో తెలియకో దీన్నే మళ్లీ రాస్తున్నారు.

ఆ సామ్రాజ్యమే బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున మరో పద్ధతి నడిపింది. బర్మాలో గంజాయి పూర్తిగా నిషేధం. బర్మీయులకు ఆ అలవాటు లేదు, వాళ్లకు అంటకూడదన్నది ఆ నిషేధం వెనక ఆలోచన. కానీ కోరమండల్ రేవుల నుంచి కూలికి రంగూను వెళ్లిన వేలాదిమంది తెలుగువాళ్లలో, తమిళుల్లో ఆ అలవాటు ఉన్నవాళ్లుండేవారు. సరుకు దొంగతనంగా వాళ్ల వెంట చేరేది. కమిషన్ ఇదంతా విని కూడా బర్మాలో నిషేధం కొనసాగాలనే చెప్పింది. చట్టం చేసేటప్పుడు అలవాటు ఇంతకుముందే ఉందా లేదా అన్నది తేడా తెస్తుందని ఆ నిర్ణయం ఒప్పుకున్నట్టే. నిషేధంవాదులు ఈ ఉదాహరణను ఎందుకు ఎత్తుకోరో నాకు అర్థం కాదు, వాళ్ల వాదానికి ఉన్న గట్టి ఆధారాల్లో ఇదొకటి.

తెల్లదొరల కమిషన్ ఖజానా కోసమే ఇలా రాసింది కదా అని ఒక ఆక్షేపణ ఉంది. సగం నిజం. ఇద్దరు భారతీయ సభ్యులు, రాజా శశిశేఖరేశ్వర రాయ్, లాలా నిహాల్ చంద్, మిగిలినవాళ్లతో ఏకీభవించక విడిగా తమ అభిప్రాయం రాశారు, ఆ అసమ్మతిని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఆదాయం మీద కన్ను ఉందన్నంత మాత్రాన పిచ్చాసుపత్రుల లెక్క తప్పైపోదు, ఎందుకంటే 222 కేసులు 98కి ఎందుకు తగ్గాయో వాళ్లు బాహాటంగానే చూపించారు. ఆ కన్ను చెరిచింది వైద్య నిర్ణయాన్ని కాదు, అమ్మకపు ఏర్పాటును. పన్ను పెంచితే వాడకం తగ్గుతుంది, ఆదాయమూ పెరుగుతుందని అబ్కారీ శాఖ ఒకేసారి రెండు మాటలు చెప్పింది. వాడకం నిజంగా తగ్గితే ఆదాయం పడిపోతుంది, అప్పుడు కలెక్టరు ఏ మాట నిలబెట్టుకోవాలి? వేలంలో దుకాణం పాడుకున్నవాడు పాట సొమ్ము రాబట్టుకోవడానికి అమ్మకం పెంచుతాడు తప్ప మితాన్ని బోధించడు. ఈ ఏర్పాటులో రైతుదే అందరికన్నా చిన్న వాటా.

ఈ మాటకు రుజువు గంజాయి చరిత్రలో కన్నా కల్లు, సారా చరిత్రలో ఎక్కువ దొరుకుతుంది, అదీ మన కళ్లెదుటే. 1921లో సహాయనిరాకరణవాదులు దుకాణాల ముందు నిలబడ్డప్పుడు వాళ్లు అడ్డుకున్నది తాగుడుతో పాటు పాటల సొమ్మును కూడా. 1937లో రాజాజీ మంత్రివర్గం సేలంలో మొదలుపెట్టిన మద్రాసు నిషేధ చట్టం పీఠికలోనే మద్యంతో పాటు మాదకద్రవ్యాలూ ఉన్నాయి. ఆయన దూరదృష్టి ఇంకోచోట ఉంది: పోయే అబ్కారీ రాబడికి బదులుగా 1939లో అమ్మకపు పన్ను తెచ్చాడు. అంటే మత్తు మీద ఆధారపడని డబ్బు ముందు చూసుకున్నాడు. తరువాతివాళ్లు అది చేయలేదు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారా ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది, 1992లో దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డారు, 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో ఖజానా ఖాళీ అన్న కారణంతో పోయింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దుకాణాలు ప్రభుత్వమే నడుపుతుందని, దశలవారీగా నిషేధం తెస్తుందని అన్నారు. 2022కల్లా మద్యం రాబడి చూపి బేవరేజెస్ కార్పొరేషన్ బాండ్లు అమ్మింది, 2024 అక్టోబరులో దుకాణాలు మళ్లీ ప్రైవేటు చేతికి పోయాయి. పార్టీలు మారినా దారి మారలేదంటే లోపం మనుషుల్లో కన్నా ఏర్పాటులోనే ఎక్కువ ఉంది. జీతాలు, పథకాలు సీసాల అమ్మకానికి ముడిపడ్డాక ఏ ప్రభుత్వమూ తాగుడు తగ్గాలని మనస్ఫూర్తిగా కోరుకోలేదు.

గంజాయిని చట్టబద్ధం చేసిన చోట్లను ఈ కోణంలో చూస్తే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. అమెరికాలోని కొలరాడోలో 2012లో ఓటర్లు ఆమోదించిన సవరణ, ఎక్సైజు పన్నులో ఏటా మొదటి 4 కోట్ల డాలర్లు బడిభవనాలకు పోవాలంది. వినడానికి మంచిదే, కానీ పిల్లల బడి గంజాయి అమ్మకానికి ముడిపడింది. ఉరుగ్వే 2013 చట్టం దీనికి ఎదురుదారి పట్టింది. వాడేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలి, మందుల దుకాణంలో నెలకు 40 గ్రాములే, ధర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ప్రకటనలకు తావు లేదు. జర్మనీ 2024 ఏప్రిల్ నుంచి కొద్ది పరిమాణం దగ్గర ఉంచుకోవడాన్ని అనుమతించింది కానీ దుకాణాలకు ఒప్పుకోలేదు. లాభం తీసుకోని సంఘాలు తమ సభ్యుల కోసం పండించుకోవచ్చు, ఒక సంఘంలో 500 మందికి మించకూడదు. థాయ్‌లాండ్ 2022 జూన్‌లో అమ్మకానికి సరైన చట్టం లేకుండానే గేటు తెరిచి, 2025లో వైద్యుడి చీటీ ఉంటేనే అంటూ సగం మూసింది. వీటిలో మన గతానికి దగ్గరగా ఉన్నది, మనం నేర్చుకోదగ్గది ఉరుగ్వే, జర్మనీల దారే. నౌగావ్‌లో కూడా 1917లో రైతులు సహకార సంఘం పెట్టుకున్నారు. పంట పండించినవాడికి వాటా పెంచే ఆలోచన ఈ ఉపఖండానికి కొత్త కాదు.

గట్టి ఆక్షేపణ ఇంకొకటి ఉంది. 1894 నాటి గంజాయి వేరు, ఇప్పుడు ఎంచి సంకరం చేసి మత్తు పెంచిన రకాలు వేరు. ఆనాటి సాక్షులు పెద్దవాళ్ల అలవాటు గురించి చెప్పారు, ఇప్పుడు కళ్లెదుట ఉన్నది కాలేజీ పిల్లలు. ఈ ఆక్షేపణను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. కమిషన్ తీర్పును తెచ్చి మితంగా తాగితే ఏమీ కాదని పదిహేడేళ్ల పిల్లవాడికి చెప్పడం అన్యాయం, ఎదిగే మెదడుకు దీనివల్ల కలిగే ముప్పు గురించి ఆనాటి వైద్యానికి తెలిసింది చాలా తక్కువ. అయితే ఈ ఆక్షేపణ తేల్చేది వయసు హద్దు, మత్తు మోతాదు మీద హద్దు, ప్రకటనల నిషేధం ఉండి తీరాలని. ఇప్పుడున్న చట్టం వీటిలో ఏదీ చేయలేదు, ఎందుకంటే చీకట్లో అమ్మేవాడికి వయసూ మోతాదూ చూపించే చీటీ ఉండదు.

ఇప్పుడున్నది 1985 ఎన్‌డీపీఎస్ చట్టం. 1961 అంతర్జాతీయ ఒప్పందం వైద్యేతర వాడకం మానడానికి ఇచ్చిన 25 ఏళ్ల గడువు నెత్తిమీదికి వస్తుండగా చేసిన చట్టం. పూత లేని ఆకులను, గింజలను నిర్వచనంలోంచి తప్పించింది కనుక భంగు బతికింది. గంజాయి సాగును నియమాలతో అనుమతించే అధికారం పదో సెక్షన్ కింద రాష్ట్రాలకు ఈనాటికీ ఉంది. ఉత్తరాఖండ్ 2018లో మత్తు దాదాపు లేని నార రకాల సాగుకు లైసెన్సు ఇచ్చింది. మన రాష్ట్రంలో 2021 చివర ఆపరేషన్ పరివర్తన పేరుతో విశాఖ ఏజెన్సీలో వేల ఎకరాల పంట నరికారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు రెండు లక్షల కిలోలు తగలబెట్టారు. 2024లో ఈగల్ అనే ప్రత్యేక విభాగం వచ్చింది. నరికిన మొక్క గిరిజనుడిది, పెట్టుబడి పెట్టి సరుకు తరలించుకుపోయేది మైదానపు వ్యాపారి. 20 కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని శిక్ష పడుతుంది. ఆ మూట మోస్తూ పట్టుబడేది ఎక్కువగా కూలివాడే. సాగుకు అనుమతి గురించి శాసనసభ ముందుకు ఎప్పుడైనా బిల్లు వస్తే, లైసెన్సు చింతపల్లి, పెదబయలు రైతుల సంఘాలకా కంపెనీకా, వచ్చే పన్ను చికిత్సకు కేటాయించి ఆగుతుందా సాధారణ ఖజానాలో కలుస్తుందా అన్న రెండు సెక్షన్లను నేను ముందు చదువుతాను. అవి కొలరాడో తీరుగా రాసి ఉంటే, అనుమతికి సిద్ధంగా ఉన్న నాలాంటివాళ్లు కూడా ఆ బిల్లును వ్యతిరేకించాలి.